గుండిగలో పదకొండు వానాకాలాలు

ఆ రోజుల్లో, నోరు తెరిచి అడిగితే జరగని పని ఉండదని నాకొక గట్టి నమ్మకం. (ఆ రోజులంటే ఎడ్లబళ్ళ కాలం కాదు లెండి, నాలుగేళ్ళ కిందటి మాట. ఇరవై ఏడేళ్ళ మనిషికి నిట్టూర్చే అర్హత లేదని మా అమ్మ అభిప్రాయం. అయినా నిట్టూరుస్తున్నాను.) డిగ్రీ అయ్యాక అమలాపురంలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటి వరస గదుల్లో, ఒక దస్తావేజు లేఖరి గారి దగ్గర టైపు చెయ్యడానికి కుదిరాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరివో ఇళ్ళు, ఎవరివో కొబ్బరితోటలు, తూర్పున ఫలానావారి దొడ్డి, పడమర పంచాయతీ రోడ్డు. "నా పూర్తి ఇష్టముతో, ఎవరి ప్రోద్బలము లేకుండా" అని రోజుకి పదిసార్లు టైపు చేసి చేసి, లోకంలో మనుషులందరూ తమ ఇష్టాలని అంత స్పష్టంగానే చెప్పుకుంటారు కాబోలు అనుకునేదాన్ని. ఇంటికొచ్చాక ఆ భ్రమ పోయేది. మా నాన్న మండపేటలో ఒక రైసుమిల్లు గుమస్తా. వారమంతా అక్కడే ఉండి, శనివారం సాయంత్రం వచ్చేవారు. ఒకసారి బస్సులో తను తువ్వాలు వేసుకున్న సీట్లో ఇంకెవరో కూర్చుంటే, వాళ్ళని లేపలేక అమలాపురం దాకా నిలబడి వచ్చి, దిగేటప్పుడు "మా తువ్వాలు మీకేమీ అడ్డం కాలేదు కదండీ?" అని అడిగి తీసుకున్న మనిషి. అమ్మ ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లల టీచరు. మర్యాద విషయంలో నాన్నకంటే రెండాకులు ఎక్కువే చదివింది.

మేం అద్దెకున్నది చిన్న డాబా ఇల్లు. ఇల్లుగలాయన డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయినాయన. మా ఎదుటి పెద్దింట్లోనే భార్యతో ఉండేవారు. వరసలు కలుపుకోవడం మా ప్రాంతపు జబ్బు కాబట్టి, దిగిన వారంలోనే ఆయన అమ్మకి అన్నయ్యగారూ, ఆవిడ వదినగారూ అయిపోయారు. నాకు ఆవిడ అత్తయ్యగారు. మాస్టారు మాత్రం అందరికీ మాస్టారే. ఇంట్లో దిగిన రోజు పాలు పొంగించి పరమాన్నం వండుకోవడానికి అత్తయ్యగారు తమ ఇత్తడి గుండిగ ఒకటి ఇచ్చారు. రెండు చేతులా ఎత్తాల్సినంత పెద్దది. ఇక్కడే మా అమ్మ జీవితంలోకెల్లా పెద్ద చిక్కు మొదలైంది. ఎవరిదైనా గిన్నె మనింటికొస్తే ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. చిన్న గిన్నె అయితే నాలుగు అరటికాయలో, గుప్పెడు కందిపప్పో వేసి ఇచ్చేస్తాం. గుండిగకి తగ్గట్టు ఏం వెయ్యాలి? అమ్మ ఆలోచిస్తూ ఉండగానే ఆషాఢం వచ్చి, ముందుగది నడిమధ్యలో శ్లాబు కారడం మొదలుపెట్టింది. అమ్మ గుండిగ తెచ్చి దానికింద పెట్టింది. అంతే, ఇంక అది పదకొండేళ్ళు అక్కణ్ణించి కదల్లేదు.

ఇల్లు కారుతోందని మాస్టారితో ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆయన అద్దె తీసుకోవడానికి వచ్చి, అరుగు మీద కూర్చుని, ఎంతో ఆప్యాయంగా "ఏమ్మా, ఇంట్లో ఇబ్బందేమీ లేదు కదా?" అని అడిగేవారు. అంత ఆప్యాయంగా అడిగిన మనిషితో ఇబ్బంది ఉందని ఎలా అంటాం? "అబ్బే, ఏం లేదండీ అన్నయ్యగారూ, చల్లగా ఉందండీ" అనేది అమ్మ. (చల్లగా ఉన్నమాట నిజమే.) చుక్కలు పడే చప్పుడు ఎదురింటికి వినబడుతుందేమోనని గుండిగ అడుగున ఒక పాత తువ్వాలు మడతపెట్టి వేసింది. ఒకసారి మంచి వానలో మాస్టారు గొడుగేసుకుని లోపలికే వచ్చేశారు. అమ్మ చప్పున గుండిగ మీద పల్చటి గుడ్డ కప్పింది. "ఏంటమ్మా అది?" అన్నారాయన. "వడియాలకి పప్పు నానేసేనండీ" అంది అమ్మ. బయట ముసురు పట్టి మూడోరోజు. ఆ వానలో వడియాలు ఎక్కడ ఎండబెడతావని మాస్టారు అడగలేదు. అడగడం మర్యాద కాదు మరి.

అలాంటి మా జీవితాల్లోకి, నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక పెద్ద వార్త వచ్చింది. రాజోలు దగ్గర కొబ్బరితోటలో తన దాయాది వాటా కూడా కొనుక్కుని, అక్కడే స్థిరపడదామని మాస్టారి ఆలోచన. అందుకని మా చిన్న డాబా అమ్మకానికి పెట్టారు. "బ్రోకరు ఒక పార్టీని తెచ్చేడు. అయినా ముందు మీకే చెప్తున్నాను. మీరు తీసుకుంటే నాకు తృప్తి. శ్రావణంలో అగ్రిమెంటు రాసుకుందాం. కుదరదంటే అప్పుడు వాళ్ళకి" అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. అమ్మ గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. నేను స్కూలుకెళ్ళే వయసులో నా ఎత్తు గీసిన పెన్సిలు గీతలున్న గోడ అది. ఆ ఇల్లు పోతే అమ్మకి ఏం పోతుందో అప్పుడు తెలిసింది. నాన్న పేరు మీద బ్యాంకు వాళ్ళు అప్పిస్తామన్నారు. అప్పూ, మేం దాచుకున్నదీ కలిపితే ఇంటి ధరకి సరిగ్గా అతికినట్టు సరిపోయింది. సరిపోనిది రిజిస్ట్రేషను. స్టాంపు డ్యూటీ, ఫీజు, రాతకూలి, ఇవన్నీ కొనేవాళ్ళే పెట్టుకోవాలి, వీటికి బ్యాంకు పైసా ఇవ్వదు. అప్పణ్ణించి అమ్మ పని చేస్తూ చేస్తూ తన చేతి గాజుల వైపు చూసుకోవడం మొదలుపెట్టింది. ఉన్నవి రెండే. గిన్నెలు తోముతుంటే అవి చేసే చప్పుడు వినబడకపోతే, అమ్మ ఇంట్లో లేదని అర్థం మాకు.

మర్నాడు ఆఫీసులో లేఖరి గారితో చెప్పాను. ఆయన ఇంకా చిత్తుప్రతి ఇంకు పెన్నుతోనే రాసే మనిషి. రాస్తున్నవారు తలెత్తకుండానే, "ఖర్చులో కొంత మీరూ భరించండని అమ్మేవాళ్ళని అడగొచ్చమ్మా. చాలామందికి తెలీదు, తెలిసినవాళ్ళు అడగరు. ధర తగ్గించమన్నావనుకో, మనిషికి పౌరుషం వస్తుంది. ఖర్చు పంచుకోమన్నావనుకో, ఆలోచనలో పడతాడు" అన్నారు.

"ఏమని అడగమంటారండీ?"

"ఇంట్లో లోపం ఏదైనా ఉంటే, దాన్ని బాగుచేయించి అమ్మమనకు. ఆ బాగుచేయించే డబ్బు రిజిస్ట్రేషనులో వేసుకోండి అను. ఆయనకి మేస్త్రీ చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది, మీకు ఖర్చు తగ్గుతుంది. లోపం ఏదైనా ఉందా?"

"ఉందండీ. పదకొండేళ్ళుగా ఉంది. కానీ లేదని చెప్పేం."

ఆయన పెన్ను కింద పెట్టారు. "రాసిచ్చేరా?"

"లేదండీ, నోటిమాటే."

"హమ్మయ్య. అయితే ఫర్లేదు" అని మళ్ళీ పెన్ను తీసుకున్నారు.

ఫర్లేదని ఆయన అనుకున్నారు. అడగాల్సింది మా అమ్మ అని ఆయన మర్చిపోయారు. అమ్మ మొదటిసారి ఉత్తచేతులతో వెళ్ళలేక ఒక గిన్నెలో పనసపొట్టు కూర పట్టుకుని వెళ్ళింది. ముప్పావుగంట తరవాత అదే గిన్నెలో కొబ్బరి ఉండలతో తిరిగొచ్చింది. "అడిగేవా?" అన్నాను. "అడుగుదామనుకునేసరికి ఆవిడ మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పేరే. ఆ మధ్యలో డబ్బుల మాటేం బావుంటుంది?" అంది. రెండోసారి వెళ్ళి, మోకాళ్ళకి రాసుకునే నూనె ఇచ్చి వచ్చింది. ఇలా లాభం లేదని మూడోసారి నేనే బయల్దేరాను. అద్దం ముందు నిలబడి నాలుగు వాక్యాలు బట్టీ పట్టాను. మొదటి వాక్యం "మాస్టారండీ, ఒక ముఖ్యమైన విషయం." గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయన "రా రా, లాయరమ్మా!" అని పీట వేయించారు. అత్తయ్యగారు పనసాకు బుట్టల్లో ఉడికించిన వేడివేడి పొట్టిక్కలు, అల్లం పచ్చడి పెట్టారు. "మాస్టారండీ, ఒక ముఖ్యమైన విషయం" అన్నాను. "ముందు తిను, విషయం ఎక్కడికీ పోదు" అన్నారు. విషయం నిజంగానే ఎక్కడికీ పోలేదు. ఆరు పొట్టిక్కలతో పాటు నా కడుపులోనే ఉండి, నాతోపాటే ఇంటికొచ్చింది. అమ్మ నా మొహం చూసి "పచ్చడి అల్లమా, కొబ్బరా?" అని మాత్రం అడిగింది.

శ్రావణంలో అగ్రిమెంటు రాసుకునే ఆదివారం రానే వచ్చింది. చిత్తుప్రతి అందరిముందూ చదివి, సరే అనుకుని సంతకాలు పెట్టుకోవాలి. నాన్న పొద్దున్నే ఐనవిల్లి వెళ్ళి వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి వచ్చారు. (ఆయన దగ్గరైనా అడిగారా అంటే, "ఆయనకి తెలీదా, అడిగి ఇబ్బంది పెట్టడం దేనికి" అన్నారు.) తొమ్మిదింటికి మబ్బేసింది. పదింటికి అత్తయ్యగారు ఎదురింటి గుమ్మంలోంచి, "వదినగారూ, ఏమీ అనుకోకండేం. సామాన్లు సర్దుకుంటున్నాం. మా గుండిగ ఒకటి మీ దగ్గరుండాలి" అన్నారు. అమ్మ నిలువునా నీరైపోయింది. ఇంట్లో ఉన్న బియ్యం చాలామటుకు వండి, ఇంత చింతపండు పిసికి, పదకొండేళ్ళ బాకీ పులిహోరగా తీర్చేసింది. గుండిగ నిండింది. అడుగున ఉండే పాత తువ్వాలునే చుట్టకుదురులా చేసి దానికింద పెట్టి, నేనూ అమ్మా మోసుకెళ్ళి ఇచ్చి వచ్చాం. ఇవతలికి రాగానే వాన అందుకుంది.

ఇప్పుడు ముందుగదిలో చుక్క పడేచోట ఏమీ లేదు. ప్లాస్టిక్ బకెట్ పెడదామంటే, అమ్మకాలు కొనుగోళ్ళు మాట్లాడుకునే పెద్దల మధ్య బకెట్ ఎందుకుందో చెప్పాల్సొస్తుంది. పైగా దాని చప్పుడు. నాన్న కాసేపు పైకి చూశారు, కాసేపు కిందకి చూశారు. తరవాత ఒక కుర్చీ తెచ్చి సరిగ్గా ఆ చుక్క కింద వేసుకుని, "నేను కూర్చుంటాన్లే" అన్నారు. ఒక ఇంటి యజమాని కాబోతున్న మనిషి నోట అంతకంటే వీరోచితమైన మాట నేను వినలేదు.

మాస్టారు, అత్తయ్యగారు, లేఖరి గారు వచ్చి కూర్చున్నారు. నాన్న నడినెత్తి మీద మొదటి చుక్క పడింది. ఆయన కళ్ళు ఒకసారి మూసి తెరిచారు. పది చుక్కలయ్యేసరికి కణతల మీంచి ధార కట్టింది. మాస్టారు చూసి, "ఏంటండీ, ఒంట్లో నలతగా ఉందా? అలా తడిసిపోతన్నారు" అన్నారు.

"ఉక్కపోతండీ" అన్నారు నాన్న. బయట వాన, లోపల ఫ్యాను, అత్తయ్యగారు పమిట భుజాలమీదుగా కప్పుకుని కూర్చున్నారు.

"ఆయ్, ఉక్కేనండీ" అంది అమ్మ, వణుకుతూ.

లేఖరి గారు నా వైపు చూశారు. నేను నేల చూశాను. ఆయన గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు. "సదరు గృహమును కొనుగోలుదారు స్వయముగా పరిశీలించి, ఎట్టి లోపములు లేవని తృప్తి చెంది..." నాన్న "ఆయ్" అని తల ఊపారు. ఊపినప్పుడు నాలుగు చుక్కలు ఎగిరి చిత్తుప్రతి మీద పడ్డాయి. లేఖరి గారు వాటిని జేబురుమాలుతో అద్ది, "రిజిస్ట్రేషను ఖర్చులు యావత్తూ కొనుగోలుదారే భరించునట్లును..." అన్నారు. అమ్మ చెయ్యి తెలీకుండానే గాజుల మీదకి పోయింది. నాన్న మళ్ళీ "ఆయ్" అన్నారు.

నాకు ఆ గాజుల మీది చెయ్యి కనబడింది. అద్దం ముందు బట్టీ పట్టిన నాలుగు వాక్యాల్లో ఒక్కటీ గుర్తురాలేదు. "మాస్టారండీ, మా నాన్న అరగంటనించీ మీ ఇంట్లో తలస్నానం చేస్తన్నారండీ. సబ్బు ఇస్తే ముగించేస్తారు" అన్నాను.

గదిలో చుక్క చప్పుడు తప్ప ఏమీ లేదు. అదీ నాన్న తల మీదే పడుతోంది కాబట్టి పెద్ద చప్పుడేం కాదు. అమ్మ "ఏంటే ఆ మాటలు!" అంది, ప్రాణం పోయిన గొంతుతో. మాస్టారు మెల్లిగా తలెత్తి శ్లాబు చూశారు. పదకొండేళ్ళ తడి అక్కడ చాపంత మచ్చ కట్టింది. ఆయన మొహం చూస్తే నాకు భయం వేసింది. కోపం కాదు, అంతకంటే కష్టమైనది. "ఎన్నాళ్ళనించమ్మా?" అన్నారు.

"అబ్బే, ఈమధ్యేనండీ అన్నయ్యగారూ..."

"దిగిన ఏడునించే" అన్నారు అత్తయ్యగారు. అందరం ఆవిడ వైపు తిరిగాం. "మా వంటింటి కిటికీలోంచి కనబడేది. వాన మొదలవగానే వదినగారు గుండిగలో తువ్వాలు మడతపెట్టి వెయ్యడం చూసేదాన్ని. వాన ఎక్కువైతే రాత్రిళ్ళు నాకు నిద్రుండేది కాదు. నిండిపోతుందేమోనని."

"తెలిసి నాకు చెప్పలేదా?" అన్నారు మాస్టారు.

"వాళ్ళు ఏం లేదంటన్నారు కదండీ! ఉందని నేనంటే, వాళ్ళని అబద్ధాలకోరులన్నట్టు కాదూ?"

మాస్టారు లేచి నిలబడ్డారు. "నా ఇల్లు పదకొండేళ్ళు మీ నెత్తిన కారిందన్నమాట. అద్దె తీసుకుని ఇబ్బందేమీ లేదుగా అని అడిగి పోయేవాణ్ణి నేను. ఇది బాగుచేయించకుండా అమ్మను. అగ్రిమెంటు ఇవాళ వద్దండీ" అన్నారు. వానలు వెలిసేదాకా శ్లాబు పని మొదలవదు. అప్పటిదాకా తోట అమ్మే దాయాది ఈయన కోసం ఆగడు. తోట చెయ్యి జారకుండా ఉండాలంటే, ఇల్లు ఎలా ఉన్నా రొక్కమిచ్చి తీసుకునే బ్రోకరు పార్టీకే ఈయన ఇచ్చెయ్యాల్సొస్తుంది. నా హాస్యం వల్ల మా ఇల్లు పోయేట్టుంది. లేఖరి గారు దగ్గారు. అది మామూలు దగ్గు కాదని నాకు అర్థమైంది.

"బాగుచేయించొద్దండీ మాస్టారండీ" అన్నాను, ఈసారి జోకేమీ లేకుండా. "మేమే చేయించుకుంటాం. దానికయ్యే డబ్బు రిజిస్ట్రేషనులో మీ వంతుగా వేసుకోండి. ఇంటికి డబ్బుంది గానీ రిజిస్ట్రేషనుకి లేదండీ మా దగ్గర. అమ్మ గాజులు తియ్యాలని చూస్తోంది." అమ్మ చెయ్యి కొంగులోకి దాచుకుంది.

మాస్టారు మళ్ళీ కూర్చున్నారు. "ఈమాట ముందే అడగచ్చు కదమ్మా? రాయండి లేఖరి గారూ. ఖర్చంతా నాదే."

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. మా నాన్న ఉండగా అవుతుందా? "అబ్బే, అంతా ఎలాగండీ! మీరు పావు వంతు వేసుకోండి, చాలు" అన్నారు. నేను ఆయన కాలు తొక్కాను. "ఫర్లేదమ్మా" అని కాలు పక్కకి పెట్టుకున్నారు.

"పావేంటండీ, నన్ను చిన్నబుచ్చుతారా? ముప్పావు."

"మీ మాట కాదనలేక మూడో వంతండీ. అంతకంటే ఒప్పుకోం."

"ఇన్నేళ్ళుగా రాస్తన్నాను, ఇటునించి అటు బేరం ఎప్పుడూ చూళ్ళేదు" అని లేఖరి గారు ఆ వాక్యం కొట్టేసి, "ఉభయులు చెరి సగము భరించునట్లును" అని రాసి, ఇంకెవరూ మాట్లాడకుండా పెన్ను మూత పెట్టేశారు. సంతకాలయ్యాక అత్తయ్యగారు ఎదురింటికెళ్ళి గుండిగలోంచి విస్తరాకుల్లోకి పులిహోర తీసి తెచ్చారు. అందరం తిన్నాం. నాన్న కుర్చీ పక్కకి జరిపి, అమ్మ ఎర్ర బకెట్ తెచ్చి దర్జాగా గది మధ్యలో పెట్టింది. అది ఠప్ ఠప్‌మంటూ మోగుతుంటే మాకెవరికీ సిగ్గనిపించలేదు. మా వంతుకి సగమే వచ్చింది కాబట్టి, ఆ సగానికి నాన్న మిల్లులో జీతం మీద అడ్వాన్సు తీసుకుంటే సరిపోయింది. (ఆ అడ్వాన్సు నాన్న ఎలా అడిగారో నాకు తెలీదు. అడిగి ఉండరు. ఓనరు గారి ఎదుట ఓ గంట నిలబడి ఉంటారు.) గాజులు అమ్మ చేతికే ఉండిపోయాయి.

మాస్టారు వాళ్ళు రాజోలు వెళ్ళే రోజు అత్తయ్యగారు గుండిగ తెచ్చి మా గుమ్మంలో పెట్టారు. "శ్లాబు బాగయ్యేదాకా దీని అవసరం మీకే ఉంది వదినగారూ" అన్నారు. నిండా కొబ్బరికాయలు. అవి తీస్తే అడుగున పాత తువ్వాలు, ఉతికి, ఇస్త్రీ చేసి, అమ్మ వేసే మడత ప్రకారమే మడిచి ఉంది. అప్పటిదాకా నవ్వుతున్న అమ్మ, అది చూసి లోపలికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి ఫోన్‌లో, "అక్కడ తోట రిజిస్ట్రేషనులో మాస్టారు మీ దాయాదిగారిని కొంత వేసుకోమని అడిగేరాండీ?" అని కనుక్కున్నాను. "అడగడానికే వెళ్ళేరు. రెండు కొబ్బరిబొండాలు తాగి వచ్చేరు" అన్నారు అత్తయ్యగారు.

శ్లాబు బాగుచేయించి మూడేళ్ళయింది. వాన పడితే ఇప్పటికీ అమ్మ ఒకసారి ముందుగదిలోకి వచ్చి, పైకి చూసి, వెళ్తుంది. గుండిగ అటక మీద ఉంది. నేను ఇంకా లేఖరి గారి దగ్గరే పనిచేస్తున్నాను. ఇల్లు కొనుక్కోవడానికి వచ్చి, ఖర్చుల చిట్టా చూసి మొహాలు మొహాలు చూసుకునే భార్యాభర్తలకి, "అమ్మేవాళ్ళని కూడా కొంత భరించమని అడగండి. సిగ్గేంటండీ, నోరు తెరిచి అడగాలి. అడిగితే పోయేదేముంది?" అని చెప్తుంటాను. చాలా గంభీరంగా చెప్తాను. కొందరు అడిగి, పని అయ్యాక స్వీట్లు తెచ్చిస్తారు కూడా. మొన్న అలా ఒక జంట ఇచ్చి వెళ్ళిన కాజాలు తింటూ లేఖరి గారు, "ఊళ్ళోవాళ్ళందరికీ ధైర్యం చెప్తన్నావు గానీ, నీ సంగతేంటమ్మా? చేరి ఇన్నాళ్ళయింది. జీతం అదీ సరిపోతోందా? ఇబ్బందేమీ లేదు కదా?" అన్నారు. ఎంతో ఆప్యాయంగా అడిగారు.

నాలుగేళ్ళ కిందటి ఆ పిల్ల, నాన్న తలస్నానం గురించి నలుగురిలో నోరు జారిన పిల్ల, ఒక్క క్షణం లోపలెక్కడో లేచి నిలబడింది.

"అబ్బే, ఏం లేదండీ" అన్నాను. "చల్లగా ఉందండీ ఇక్కడ."